డ్రైవర్ క్రాష్‌కి సీరియల్ కేబులా, కేడంపా?

బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లమే. ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుతూ కూడా కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ) గొడవే. ఈమధ్య తెగని వాదన ఒకటి: డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే కోడ్) వల్ల లినక్స్ పడిపోతుంటే, కెర్నల్ సందేశాల్ని కేబుల్ మీద బయటికి పంపే సీరియల్ కన్సోల్‌ని నమ్మాలా, పడిపోయిన కెర్నల్ మెమరీని దాచిపెట్టే కేడంప్‌నా? కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడిది కేడంప్ పక్షం. నాది కేబుల్ పక్షం.

అతని మాటలో బలం లేకపోలేదు. కేడంప్ కోసం బూట్ అయ్యేటప్పుడే 256 ఎంబీనో ఎంతో పక్కన పెడతాం. అందులో ఇంకో కెర్నల్ కాచుకుని ఉంటుంది. మొదటిది పానిక్ అవగానే (ఇక నడవలేనని చేతులెత్తేయగానే) బయోస్ జోలికి పోకుండా రెండోది లేచి, పడిపోయినదాని మెమరీని ప్రాక్ కింద వీఎంకోర్ ఫైలుగా అందిస్తుంది. ఏ లాక్ ఎవరి చేతిలో ఉందో, ఏ స్ట్రక్చర్ చెడిందో క్రాష్ అనే టూల్‌లో తీరిగ్గా చూసుకోవచ్చు. కేబుల్‌లో వచ్చేది కాల్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా), కాసిని రిజిస్టర్లు, అంతే.

కానీ తిరకాసంతా మొదటి కెర్నల్ నుంచి రెండోదానికి జరిగే ఆ అప్పగింత దగ్గరే. పీసీఐఈ కార్డు పలకడం మానేసి, రిజిస్టర్ చదవబోయిన సీపీయూ అక్కడే బిగుసుకుపోతే పానిక్ దాకా ఎవరు వెళ్తారు? రెండో కెర్నల్ లేచినా డివైస్‌లు రీసెట్ కాలేదు కదా, పాత డీఎంఏ (సీపీయూతో పనిలేకుండా డివైసే మెమరీలో రాయడం) ఇంకా సాగుతూ ఉండొచ్చు. రీసెట్ డివైసెస్ అనే బూట్ ఆప్షన్ ఉంది, డ్రైవర్ రాసినవాళ్లు దాన్ని పట్టించుకుంటేనే పని. ఇక దోషం డిస్క్ కంట్రోలర్ డ్రైవర్‌దే అయితే డంప్ ఎక్కడ దాచాలి?

కేబుల్‌కి ఈ బాధ లేదు. బయటికొచ్చిన అక్షరం నా ల్యాప్‌టాప్‌లో పడినట్టే. ఎస్పీ రోడ్డులో యూఎస్‌బీ టీటీఎల్ కన్వర్టర్ కొని టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది), గ్రౌండ్ మూడు తీగలు కలిపితే చాలు. బోర్డుది 3.3 వోల్టులా కాదా అని ముందే చూసుకోండి. నేనొకసారి చూసుకోలేదు, ఆ బోర్డు ఇప్పుడు నా టేబుల్ మీద పేపర్‌వెయిట్.

నా పక్షానికీ లోపముంది. 115200 స్పీడులో సెకనుకు పోయేవి దాదాపు 11,500 అక్షరాలే. మా యూఎస్‌బీ కెమెరా వీడియో నడుస్తుండగా పీకితే క్రాష్ అయ్యేది. కారణం తెలుసుకుందామని కోడ్‌లో ప్రింట్‌లు పెట్టామా, క్రాష్ మాయం. తీశామా, ప్రత్యక్షం. ఆ ప్రింట్‌ల ఆలస్యమే రేస్‌ని (రెండు పనుల వరస తారుమారైతే వచ్చే తప్పుని) కప్పేస్తోంది. "అన్నా, డంప్ దొరికింది" అని గుంటూరు తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. అందులో ట్రేస్ ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద వేలు పెట్టింది! ఎవరో వదిలేసిన మెమరీలో ఇంకెవరో రాస్తే పాపం పక్కింటివాడికి చుట్టుకుంటుంది. చివరికి కేసాన్ (మెమరీ తప్పుల్ని పట్టే కెర్నల్ సాధనం) పెట్టి కెర్నల్ బిల్డ్ చేశాం. మెమరీలో ఎనిమిదో వంతు అదే తినేస్తుంది, వేగమూ పడిపోతుంది, అయినా మొదటి పీకుడుకే దొంగ దొరికాడు. డిస్‌కనెక్ట్‌లో స్ట్రక్చర్‌ని ఫ్రీ చేశాక కూడా డిలేడ్ వర్క్ (తర్వాత చేద్దామని వాయిదా వేసిన పని) పరుగెడుతోంది. ఫ్రీకి ముందు క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్ అనే ఫంక్షన్‌ని పిలవడమే మందు. ఆ రిపోర్ట్ మాకు అందింది కేబుల్ మీదే అని తమ్ముడికి ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను.

బోర్డు టేబుల్ మీద ఉంటే ముందు కేబుల్, అనుమానం మెమరీ మీదికి పోతే కేసాన్. డేటా సెంటర్‌లోని సర్వర్‌కి మాత్రం కేడంపే, అక్కడ నేను వాదించను. లాగ్‌ని నెట్‌వర్క్ మీద పంపే నెట్‌కన్సోల్ మంచిదే, నెట్‌వర్క్ డ్రైవరే ముద్దాయి కానంతవరకు.

కస్టమర్ ఇంట్లో ఉన్న పెట్టెకి కేబులూ పెట్టలేం, వందల ఎంబీలు పక్కన పెట్టడానికీ ఉండవు. అక్కడ రామ్‌ఊప్స్. లాగ్‌ని ర్యామ్‌లో ఒక మూల దాస్తుంది, వార్మ్ రీబూట్ (కరెంటు తీయకుండా చేసే రీబూట్) తర్వాత పీస్టోర్ అనే ఫైల్‌సిస్టమ్‌లో కనిపిస్తుంది. కరెంటు పోతే అదీ పోతుంది. పానిక్ టైమౌట్ (పానిక్ అయ్యాక రీబూట్‌కి ముందు ఆగే సమయం) డీఫాల్ట్‌గా సున్నా, అంటే పెట్టె అలాగే బిగుసుకుని ఉంటుంది, విసుగొచ్చి కస్టమర్ ప్లగ్ పీకేస్తాడు, లాగ్ గాల్లో కలిసిపోతుంది. అందుకే మేం దాన్ని 10 సెకన్లు చేశాం.