పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్లకు పీజీఎక్స్ఎన్ మేలా, ఆప్ట్ మేలా?

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల బోర్లు, డ్రిప్ లైన్ల వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పెట్టుకున్న మా చిన్న టీమ్‌కు, దానికి మ్యాపుల లెక్కలు నేర్పే పోస్ట్‌జీఐఎస్ అనే ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించుకునే భాగం) లేనిదే రోజు గడవదు. ఏ తోటకు ఏ బోరు దగ్గరో చెప్పేది అదే. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లను ఎక్కడి నుంచి దించుకోవాలన్న చర్చ మా ఆఫీసులో తరచూ వస్తుంది.

లైవ్ సర్వర్ విషయంలో నా ఓటు పోస్ట్‌గ్రెస్ వాళ్ళ ఆప్ట్ రిపాజిటరీకే, అంటే డెబియన్, ఉబుంటు లినక్స్‌లకు ప్యాకేజీలు దొరికే చోటుకే. ముందే కంపైల్ చేసిన, అంటే మెషీన్ నేరుగా నడిపే రూపంలోకి మార్చేసిన ప్యాకేజీ వస్తుంది. పోస్ట్‌జీఐఎస్‌కు కావలసిన జియోస్, ప్రోజ్ లాంటి లైబ్రరీలు కూడా దాంతోపాటే దిగుతాయి. వాటిని ఒక్కొక్కటిగా మనమే కూర్చుకోవాలంటే పూట పడుతుంది, పైగా టెన్షన్.

పీజీఎక్స్ఎన్ పద్ధతి వేరు. పెర్ల్ ప్రోగ్రామింగ్ భాష వాళ్ళు కోడ్ పంచుకునే సీపాన్‌ను చూసి డేవిడ్ వీలర్ 2011లో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ల నెట్‌వర్క్ ఇది. అదే ఏడాది వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.1లోనే ఎక్స్‌టెన్షన్‌ను డేటాబేస్‌లోకి ఎక్కించే క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కమాండ్ కూడా వచ్చింది. ఇందులో దొరికేది సోర్స్ కోడ్ జిప్ ఫైల్. సీ లాంటి భాషలో రాసినదైతే కంపైల్ చేయాల్సింది మన మెషీనే. కాబట్టి కంపైలర్, సర్వర్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ రెండూ ఉండాలి. లైవ్ సర్వర్‌లో కంపైలర్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

చాలామంది తడబడే చోటు ఇంకొకటుంది. మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ 15, 16 రెండూ ఉన్నాయనుకోండి. పీజీ కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌ను చూపిస్తే ఎక్స్‌టెన్షన్ ఆ ఫోల్డర్‌లోకే పోతుంది. ఇన్‌స్టాల్ అయిందని స్క్రీన్ మీద కనిపిస్తుంది. అది 16లోకి పోయి ఉంటే, తీరా 15లోకి వెళ్ళి క్రియేట్ ఎక్స్‌టెన్షన్ కొడితే కంట్రోల్ ఫైల్ (ఎక్స్‌టెన్షన్ వివరాలుండే ఫైల్) లేదంటుంది. పీజీఎక్స్ఎన్ క్లయింట్‌కు (అక్కడి నుంచి దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్‌కు) 15 తాలూకు పీజీ కాన్ఫిగ్ దారిని విడిగా ఇస్తే పని అవుతుంది. ఆప్ట్‌లో ప్యాకేజీ పేరులోనే వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి ఈ గొడవే రాదు.

ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్ళ కోడ్‌ను నేరుగా గిట్ నుంచి క్లోన్ (నకలు) చేసుకోవడం మూడో దారి. అది ల్యాప్‌టాప్‌లో ప్రయోగాలకు సరే, అంతకు మించి వద్దు.

అయితే ఆప్ట్‌లో లేనివి, ముఖ్యంగా ఒకరిద్దరు రాసుకున్న చిన్న ఎక్స్‌టెన్షన్లు, పీజీఎక్స్ఎన్‌లో వెతికితే దొరకొచ్చు. మనం రాసింది నలుగురికీ చేర్చాలన్నా ఇదే సులువు. మెటా ఫైల్‌లో పేరు, వెర్షన్, లైసెన్స్ లాంటి వివరాలు రాసి, జిప్ చేసి అప్‌లోడ్ చేస్తే సరి. ఆప్ట్‌లోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు ప్యాకేజీ తయారుచేసి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకుంటూ ఉండాలి.

సెంట్లను ఎకరాల్లోకి మార్చే ఫంక్షన్ల లాంటివి ఉత్త ఎస్‌క్యూఎల్‌లోనే రాసేయొచ్చు. అప్పుడు కంపైలర్‌తో పనే లేదు, ప్రాసెసర్ ఏదైనా అదే జిప్ నడుస్తుంది. అలాంటి వాటికి మాత్రం నేను ఏ సందేహమూ లేకుండా పీజీఎక్స్ఎన్ వైపే ఉంటాను.