అద్దె ఇంటి అలమరాకి ఏది మేలు: రాడ్డా, బుట్టలా, చీరల కవర్లా?

తక్కువ ఖర్చులో బట్టల అలమరా సర్దుకోడానికి ఏం కొనాలి అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, ఇల్లు మారిన చుట్టాలైతే ఫోన్లో క్షేమసమాచారం అయిపోగానే ఇదే అడుగుతున్నారు. నేను కూడా ఈమధ్యే మా బెడ్రూమ్ అలమరా మొత్తం కిందకి దింపి మళ్ళీ సర్దా కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. నేను మాట్లాడేది గోడలో కట్టేసి, కడప బండలు అరలుగా దిగేసిన పాతరకం అలమరా గురించి. మాడ్యులర్ వార్డ్‌రోబ్ ఉన్నవాళ్ళకి ఈ తంటా లేదు, హాయిగా ఉండండి.

బజారుకి వెళ్ళేముందు టేపు తీసి రెండు కొలతలు రాసుకోండి, అర లోతు ఎంత, బండకీ బండకీ మధ్య ఎత్తు ఎంత. హ్యాంగర్లు తగిలించే రాడ్డు సంగతి సగం ఇక్కడే తేలిపోతుంది. పెద్దవాళ్ళ హ్యాంగర్ వెడల్పే పదహారు పదిహేడు అంగుళాలుంటుంది, చొక్కా తగిలిస్తే భుజాలు ఇంకాస్త బయటకొస్తాయి, తలుపు సరిగ్గా మూసుకోవాలంటే లోతు దగ్గర దగ్గర 22 అంగుళాలుండాలి. ఎత్తు చూస్తే చొక్కాకే మూడడుగులు దాటాలి, పొడుగు కుర్తీలకైతే నాలుగున్నా చాలదు. చీర నయం, మడతపెట్టి వేస్తే రెండున్నర అడుగుల్లో సర్దుకుంటుంది. మన అలమరాల్లో బండల మధ్య అడుగో అడుగుంపావో ఉంటుంది, ఆ బండ గోడలోకి దిగి ఉంటుంది కాబట్టి పీకే ప్రసక్తే లేదు, పీకితే ఓనర్ అడ్వాన్సులో కోసుకుంటాడు. అలమరాలో ఒక పక్క బండల్లేకుండా నిలువుగా ఖాళీ వదిలుంటే మాత్రం రాడ్డుకి మించింది లేదు, ఇస్త్రీ బట్టలు నలగవు, ఏది ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. డ్రిల్లింగ్ వద్దంటే స్ప్రింగ్ రాడ్డు దొరుకుతుంది, రెండు గోడల మధ్య బిగించేది, కానీ డిస్టెంపర్ గోడ మీద బరువు పడితే జారుతుంది. చొక్కాలకి సరే, జీన్సులూ కోట్లూ తగిలించకండి.

ఇక నా లెక్కలో అసలు సమస్య వెనక వరస. అర లోతు అడుగున్నర పైనే ఉంటుంది, మనం ముందొక దొంతర, వెనకొక దొంతర పెడతాం. వెనక దొంతరలో ఏమున్నాయో ఆర్నెల్ల తర్వాత మనకే గుర్తుండదు, దాన్నుంచి ఒక్కటి లాగితే ముందున్న దొంతర కూలుతుంది, ఆదివారం సర్దింది బుధవారానికి మళ్ళీ మొదటికొస్తుంది. జాగా చాలట్లేదు అనుకుంటాం గానీ నిజానికి సగం జాగా చెయ్యి అందని చోట ఉంది. అందుకే ఏ వస్తువు కొన్నా నేను చూసేది ఒకటే, ఒక్క లాగుతో వెనకున్నది ముందుకొస్తుందా రాదా.

ఆ లెక్కన నా ఓటు బుట్టలకే. ఫ్యాన్సీ గుడ్డ డబ్బాలు అక్కర్లేదు, బేగంబజార్లో గానీ మీ ఊళ్ళో ప్లాస్టిక్ సామాను కొట్లో గానీ దొరికే చిల్లుల బుట్టలు చాలు, గాలి ఆడుతుంది, తుడిస్తే శుభ్రం. వెడల్పుగా ఉన్నవి కాకుండా సన్నగా పొడుగ్గా, మీ అర లోతుకి రెండంగుళాలు తక్కువలో ఉన్నవి ఏరుకోండి, ముందు పక్క చేతిపిడి ఉండాలి. బట్టల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా మడతలు నిలబెట్టి, షాపులో ఫైళ్ళు పెట్టినట్టు వరసగా పెడితే బుట్ట లాగగానే అన్నీ కనిపిస్తాయి. పిల్లల బట్టలు, లోదుస్తులు, టీషర్టులు, లెగ్గింగులకి ఇది బ్రహ్మాండం. కింద బండ గరుగ్గా ఉంటే పాత క్యాలెండర్ షీటు వేయండి, బుట్ట జారుతుంది. ఖర్చే వద్దనుకుంటే చెప్పుల డబ్బాలతో మొదలుపెట్టొచ్చు, కాకపోతే బాత్రూమ్ గోడని ఆనుకున్న అలమరాలో అట్టపెట్టెలు పెట్టకండి, చెమ్మకి మెత్తబడి పురుగులు చేరతాయి. బుట్టల్లో లోపం లేదని కాదు, ఇస్త్రీ చేసిన కాటన్ చొక్కా అందులో నలిగి తీరుతుంది. తలపైన ఉండే అరలో జీన్సుల బుట్ట పెట్టారంటే దించేటప్పుడు మెడ పట్టేస్తుంది, బరువైనవి నడుము ఎత్తులోనే ఉంచండి.

చీరల కవర్లు, అదే పైన పారదర్శకంగా కనిపించి జిప్పు ఉండేవి, చూడ్డానికి బాగుంటాయి, దుమ్ము పడదు, చీర జాకెట్టు లంగా ఒకే సెట్టుగా పెట్టుకోవచ్చు. కానీ కవర్ మీద కవర్ పేరిస్తే మళ్ళీ అదే దొంతర, కావల్సింది ఎప్పుడూ అడుగు కవర్లోనే ఉంటుంది. ఏడాదికోసారి కట్టే ఫ్యాన్సీ చీరలకి ఓకే. పట్టుచీరలు మాత్రం అందులో పెట్టకండి, వానాకాలంలో లోపల చెమ్మ నిలిచిపోయి జరీ నల్లబడుతుంది. పాత మెత్తటి పంచె ముక్కలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి, లేదంటే మడత దగ్గరే చీర చిట్లుతుంది. హ్యాంగర్‌కి నెలల తరబడి వేలాడదీయడం కూడా బరువు జరీ చీరలకి మంచిది కాదు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఇంట్లో పసిపాప ఉంటే అవి అసలు వద్దే వద్దు, జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం, ఉన్న పిల్లలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూట కట్టి పెడితే సరిపోతుంది.

బీరువా కొనమంటారా అంటే, నగల లాకర్ కోసమైతే కొనండి, సర్దుడు కోసమైతే దాంట్లోనూ అవే అరలు, అదే వెనక వరస. పైగా మూడో అంతస్తుకి మోయించే కూలితో బోలెడు బుట్టలొస్తాయి. జిప్పు ఉండే మడత గుడ్డ వార్డ్‌రోబ్ బ్యాచిలర్లకి ఏడాది గడుస్తుంది, అంతే. ప్లాస్టిక్ డ్రాయర్ల స్టాండ్ బాగానే ఉంటుంది గానీ అలమరాలో పట్టదు, గదిలో జాగా తింటుంది.

తలుపుల్లేని అలమరా ఉన్నవాళ్ళకి ఇంకో మాట. బరువు బట్టలకి పనికిరాని స్ప్రింగ్ రాడ్డుని అలమరా ముందు పైభాగంలో బిగించి కర్టెన్ వేసుకోండి, ఆ బరువు అది మోస్తుంది. కొనక్కర్లేదు, పాత నేత చీర సగానికి చింపి రాడ్డు దూరేలా పైన కుట్టు వేయిస్తే సరి. పాలిస్టర్ వద్దు, లోపలికి గాలి ఆడదు.