కబడ్డీ పిల్లల తలకి ఏది మేలు: మట్టి కోర్టా, మ్యాటా?

సంక్రాంతి పోటీలు దగ్గరపడితే కోనసీమ కమిటీల్లో ఇదే చర్చ: మ్యాట్ అద్దెకి తెద్దామా, మట్టిలోనే ఆడిద్దామా? దాళ్వా నాట్ల రోజులు, చేలల్లో చోటుండదు. హైస్కూల్ గ్రౌండో, కొబ్బరితోట పక్క ఖాళీ స్థలమో దిక్కు.

డెల్టా ఒండ్రు జిగట మట్టి. తడారితే నెర్రెలిచ్చి రాయిలా బిగుస్తుంది. దానిమీద వెల్లకిలా పడితే తల వెనక భాగం ఠంగున తగులుతుంది. అదే నేలని ముందురోజే గుల్ల చేసి, ఇసుక కలిపి, నీళ్ళు చల్లితే చాలా నయం. లంక ఊళ్ళకి ఇసుక కొదవే లేదు. ఇసుకలో కాలు దిగబడుతుంది, పరుగు జోరూ తగ్గుతుంది. మ్యాట్ కూడా మెత్తనే, కానీ బూట్లకి పట్టు దొరికి వేగం పెరుగుతుంది. సిమెంటు మీద పల్చటిది పరిస్తే పేరుకే మ్యాట్.

చిన్నపిల్లలకైతే నా ఓటు గుల్ల మట్టికే. పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళు మ్యాట్ అలవాటు చేసుకోక తప్పదు.

అయితే చీలమండ పట్టుకోడానికి డిఫెండర్ తల వంచి దూకినప్పుడు రైడర్ మోకాలు కణతకి తగిలితే, ఏ నేలైనా ఒకటే. హెల్మెట్ పుర్రె పగలకుండా కాస్తుంది గానీ లోపల మెదడు కుదుపుని పూర్తిగా ఆపలేదు. ఈ మెదడు కుదుపునే కంకషన్ అంటారు. హెల్మెట్లుండే క్రికెట్‌లోనే, అది తగిలిన ఆటగాడి బదులు వేరేవాణ్ణి దించే కంకషన్ సబ్‌స్టిట్యూట్ రూల్ 2019లో తెచ్చారు. లార్డ్స్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ స్మిత్ బదులు లబుషేన్ దిగింది అలాగే.

మన దగ్గర ముఖాన నీళ్ళు కొట్టి, "ఏరా, బానే ఉందా?" అంటారు. "ఆయ్, బానే ఉందండి మాస్టారూ." మళ్ళీ కూతకి! కప్పు కోసం ఆడే కుర్రాడు ఇంకేమంటాడు? కిందటి కూతకి ఎవరెళ్ళారో, నిన్న ఏ ఊరితో ఆడామో అడగాలి. తడుముకుంటే ఆ రోజుకి ఆట బంద్. సరిగ్గా చెప్పినా తలనొప్పో, కళ్ళు బైర్లు కమ్మడమో ఉంటే అంతే. స్పృహ తప్పలేదుగా అని ధీమా వద్దు, చాలా కంకషన్లలో స్పృహ పోదు. సీటీ స్కాన్ కూడా మామూలుగానే రావచ్చు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే అరుదుగా మెదడు వాచి ప్రాణం మీదికొస్తుంది, అదీ ఎక్కువగా కుర్రాళ్ళకే.

ఆట ఆపే అధికారం ఏ జట్టుకీ చెందని మనిషికి ఇవ్వాలి. మ్యాట్ అద్దెకన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు.

దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, చదువు, పరుగు. పట్టులాట మాత్రం డాక్టర్ సరేనన్నాకే. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి ముదిరినా, ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి, మెడకీ దెబ్బ తగిలి ఉండొచ్చు.