వీల్ ఆఫ్ టైమ్: 14 పుస్తకాలు, ఏడేండ్లు, ఒక నోట్‌బుక్కు

వీల్ ఆఫ్ టైమ్ అంటే రాబర్ట్ జోర్డాన్ మొదలుపెట్టిన ఇంగ్లీషు ఫాంటసీ నవలల సిరీస్. ముందే చెప్తున్న, ఇది పుస్తకం మూసి రాత్రికి రాత్రి రాసిన రివ్యూ కాదు. 2014ల ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద మొదటి భాగం 150కి కొన్న, పద్నాలుగోది 2021ల మూసిన, నడుమ రెండు ఉద్యోగాలు మారినయి, పెండ్లి గూడ అయింది. సగానికి ఎక్కువ చదివింది నల్గొండ బస్సుల్నే. శనివారం సాయంత్రం ఎల్బీనగర్ల ఎక్కి కిటికీ సీటు దొరికిందంటే చౌటుప్పల్ దాటేసరికి ఒక చాప్టరు, నార్కట్‌పల్లిల బస్సు మా రోడ్డుకు మలిగేసరికి ఇంకోటి అయిపోయేది.

తెలవనోళ్లకు రెండు ముక్కల్ల కథ. ఎవ్వరూ పట్టించుకోని మూల పల్లెల ముగ్గురు పోరగాండ్లు, రాండ్, మ్యాట్, పెర్రిన్. ఆ ముగ్గురిల ఒకడు పాత యుగంల లోకాన్ని నాశనం చేసిన వీరుడే మళ్ల పుట్టినోడు, చివరి యుద్ధం వాడే కొట్లాడాలె. చిక్కేందంటే మంత్రశక్తిల మగోళ్ల వాటా విషమైంది, వాడినోడికి పిచ్చి లేస్తది. అంటే లోకాన్ని కాపాడాల్సినోడే పిచ్చోడైతడు. ఈ ఒక్క పాయింట్ మీద పద్నాలుగు పుస్తకాలు నడుస్తయా అంటే, నడిచినయి.

మొదటిది 1990ల వచ్చింది. అండ్ల మొదటి వంద పేజీలు 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ వాసన కొడ్తది, దాపరికం ఏం లేదు. అసలు మజా నాలుగోదాన్ల. ఐయెల్ అని ఎడారి జనం ఉంటరు, ఈటె పట్టిన్రంటే అందరికీ వణుకు. రాండ్ వాళ్ల పవిత్ర నగరంల గాజు స్తంభాల నడుమకెళ్లి నడుస్తుంటే ఒక్కో అడుగుకు ఒక్కో తాత జీవితం కండ్ల ముందటికి వస్తది, అదీ ఎనకకు, ముందు తాత, తర్వాత ముత్తాత, వాని తాత. అట్ల పోంగ పోంగ తెలుస్తది, ఈ కొట్లాటల జనం పూర్వీకులు అసలు ఆయుధమే ముట్టమని ఒట్టు పెట్టుకున్నోళ్లని. నేను అదే చదువుకుంట కూసున్న, బస్సు ఎప్పుడు ఆగిందో తెల్వదు. కండక్టర్ వచ్చి "సార్, నల్గొండ వచ్చింది, దిగుతరా డిపోకు వస్తరా" అన్నడు.

ఇదే సీను 300 పేజీల నవలల పెడితే ఇంత తగలదు. ఎందుకంటే అప్పటికి మూడు పుస్తకాల సంది ఐయెల్ గురించి ఆ నోటా ఈ నోటా వింటున్నం, వాళ్లు గిట్ల గట్ల అని. అది తిరగబడ్డప్పుడు మనం నమ్మింది గూడ తిరగబడ్డట్టయితది. పొడుగు కథకు ఉన్న బలం నా లెక్కల ఇదొక్కటే, కాని చిన్న బలం కాదు.

ఇగ తిట్టాల్సింది తిడ్త. ఏడు నుంచి పది దాకా నాలుగు పుస్తకాలు, అబ్బో. ఏడోదాని చివర మ్యాట్ మీద గోడ కూలుతది, సచ్చిండా బతికిండా అని ఎనిమిదోది తెరిస్తే మనిషే లేడు, పుస్తకం మొత్తంల ఒక్కసారి గూడ కనపడడు. అదే ఎనిమిదోదాని చివర్ల పెర్రిన్ పెండ్లాన్ని ఎత్తుకపోతరు (స్పాయిలర్ అంటే అనున్రి), ఆమెను విడిపించేది పదకొండోదాన్ల. అచ్చయిన లెక్క చూస్తే 1998 నుంచి 2005, అప్పట్ల వచ్చినయి వచ్చినట్టు చదివినోళ్లు ఆ ఒక్క మనిషి కోసం ఏడేండ్లు ఆగిన్రు. మన సీతమ్మను అరణ్యకాండల ఎత్తుకపోతే యుద్ధకాండల తీసుకొచ్చిన్రు, నడుమ రెండే కాండలు, అండ్ల ఒకటి మొత్తం హనుమంతుడు, బోరు అన్న మాటే లేదు. ఇక్కడ మంచుల డేరాలు, జాకెట్ చేతుల మీద కుట్టుపని, చల్లారిన టీ. నైనీవ్ అనే ఆమె కోపమొచ్చినప్పుడల్లా జడ గుంజుకుంటది, ఒక పుస్తకంల లెక్కవెట్టబోయి నావల్ల కాక ఇడిసిపెట్టిన. పదోదైతే మరీ ఘోరం, తొమ్మిదోదాని చివర అంత పెద్ద పని జరిగితే అదే టైంల మిగిలినోళ్లు ఏం చేస్తున్నరో చెప్పుకుంట ఎనకకే పోతది.

మా అక్కను జడ్చర్లకు ఇచ్చినం. బావ గూడ ఇసొంటియే చదువుతడు, ఆయనది ఐస్ అండ్ ఫైర్ పార్టీ, అంటే గేమ్ ఆఫ్ థ్రోన్స్ పుస్తకాలు. పండుగకు కలిస్తే ఇదే లొల్లి. "మీదాన్ల ముఖ్యమైనోడు ఒక్కడు చావడు బామ్మర్దీ, ఇగ భయమెందుకు పుడతది" అంటడు, ఆఖరి పుస్తకం దాకా అది చానామటుకు నిజమే. ఆడోళ్లందరూ ఒక్కతీరుగనే కస్సుబుస్సుమంటరు అంటడు, అదీ నిజమే, ఒప్పుకుంట. నేను ఒక్కటే అడుగుత: బావా, మీది 1996ల మొదలైంది, ఐదోది 2011ల వచ్చింది, ఆరోది ఏది? ఇగ మా అక్క అన్నానికి లేవమని ఒర్రేదాకా మాట్లాడడు.

నిజం చెప్పాల్నంటే నాది గూడ ఆగిపోవాల్సిందే. జోర్డాన్ 2007ల పోయిండు, కథ ముగియలేదు. కాని జబ్బు పడ్డంక నోట్స్ రాసి, చెప్పి పెట్టి పోయిండు. ఆయన పుస్తకాలకు ఎడిటర్ గూడ ఆయన భార్యనే, ఆమె ఇంకో రచయిత శాండర్సన్‌ను ఎన్నుకుంటే ఆయన మూడు పుస్తకాలు రాసి 2013ల ముగించిండు. మనకిది కొత్తేం కాదు, నన్నయ అరణ్యపర్వం నడుమల ఇడిసిపోతే తిక్కన విరాటం నుంచి ఎత్తుకున్నడు, మిగిలిన ముక్క ఎర్రన పూరించిండు, అయినా అది ఒక్క భారతమే. అతుకు మాత్రం తెలుస్తది, పన్నెండోదాన్ల మ్యాట్ జోకులు వేరే మనిషి ఏసినట్టే ఉంటయి. కాని కథ ఉరికింది సామీ. నాలుగు పుస్తకాల్ల కదలని బండి మూడిట్ల ఊరు చేరింది. ఆఖరిదాన్ల యుద్ధం చాప్టర్ ఒక్కటే సుమారు 200 పేజీలు, అది బస్సుల చదివేది కాదని లీవు పెట్టి ఇంట్ల చదివిన.

పేర్ల సంగతి గూడ చెప్పాలె. చిన్నప్పుడు మా ఊర్ల ఒగ్గు కథ తెల్లార్లు నడిచేది, నడుమ నిద్రపోయి లేసినా ఇబ్బంది లేకుండె, పక్కన వంత పాడేటోడు "అయితే అన్నా, మల్లన్న ఏడికి పోయిండే?" అని అడిగేటోడు, పెద్దాయన మళ్ల మొదటి నుంచి అందుకునేటోడు. ఈ పుస్తకాల్ల ఆ వంతగాడు లేడు. ఎనక పదకోశం ఉంది గని అది చాలదు. ఐదోదాన్ల ఎవరో వచ్చి ఎవరికో ఉత్తరమిస్తే ఇద్దరూ యాదికి లేరు. ఆ రోజే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్న, ఎడమ పేజీల పేరు, కుడి పేజీల ఎవరి మనిషి, ఎక్కడ చూసినం. మీరు మొదలుపెడితే మొదటి పుస్తకం నుంచే రాసుకోన్రి. పాత పేపర్‌బ్యాకులైతే నడుమకు ఇరిగిపోతయి, నాయి రెండు రబ్బర్ బ్యాండ్ మీదనే ఉన్నయి, తొమ్మిదోదాని నుంచి కిండిల్‌కు మారిన.

చదవాల్నా వద్దా అంటే నాలుగోదాని దాకా పోన్రి, అక్కడ గుండె జల్లుమనకపోతే ఆపేయున్రి, ఏం పాపం లేదు. జల్లుమంటే మాత్రం ఏడు నుంచి పది దాకా పేజీలు తిరగేసుకుంట అయినా దాటాలె.

బావకు పోయినేడు కాలు ఇరిగి రెండు నెలలు మంచం మీద ఉంటే నా సెట్టు మొత్తం, నోట్‌బుక్‌తో సహా, జడ్చర్లకు పంపిన. కాలు అతికింది, పుస్తకాలు ఇంకా వాపస్ రాలే. మొన్న రాత్రి పదకొండుకు ఫోన్ చేసిండు, తొమ్మిదోది నడుస్తుందట. "బామ్మర్దీ, పెర్రిన్ పెండ్లాం ఎప్పుడు దొరుకుతది రా?"

దొరుకుతది బావా, చదువు అన్న. నంబరు మాత్రం చెప్పలే.