సైరన్ మోగింది కదా అని సంతకం పెట్టాను: అమ్మోనియా డిటెక్టర్ సర్వీసు వాళ్లతో జాగ్రత్త

కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి, తప్పులుంటే సర్దుకోండి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఐస్ ప్లాంట్లు, రొయ్యల కోల్డ్ స్టోరేజీలు నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను. డిటెక్టర్లు అమ్మినవాడి పేరు రాయను. "ఈ ఏరియాలో డిటెక్టర్లన్నీ మావే సార్" అని చెప్పుకుని తిరిగే మనిషి. ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

రెండేళ్ల కిందట మా ప్లాంటులో, చల్లదనానికి వాడే అమ్మోనియా లీకైతే మోగేలా మూడు డిటెక్టర్లు బిగించాడు. వంట గ్యాస్‌కు పెట్టినట్టు మోకాలి ఎత్తులో పెట్టబోతే, "అమ్మోనియా గాలికన్నా తేలిక, పైకి పోద్ది, పైన పెట్టు నాయనా" అని మా ఆపరేటరే చెప్పాల్సి వచ్చింది. వాడి పనితనం ఆ రోజే తెలియాలి. నాకు తెలియలేదు. పైగా ఏడాదికి 18 వేలకు సర్వీసు కూడా మాట్లాడుకున్నాను.

పోయిన నెల సర్వీసుకని ఒక కుర్రాడు వచ్చాడు. టెస్ట్ గ్యాస్ ఉండే చిన్న సిలిండర్, రెగ్యులేటర్, ట్యూబు, సెన్సర్ మూతికి తగిలించే కప్పు, అన్నీ తెచ్చాడు. నిచ్చెన నేనే పట్టుకున్నాను. చూస్తే గేజ్ ముల్లు సున్నా మీద పడుకోనుంది.

"ఏంది అబ్బయా, ఇందులో గ్యాస్ ఉందా?"

"గేజ్ పోయింది సార్. గ్యాస్ ఫుల్లుగా ఉంది."

కప్పు పెట్టాడు. డిస్‌ప్లేలో సున్నా సున్నాగానే ఉంది. పది సెకన్లు కూడా ఆగకుండా కప్పు తీసేసి టెస్ట్ బటన్ నొక్కాడు. సైరన్ మోగింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగింది. "చూశారా సార్, ఓకే." పచ్చ స్టిక్కర్ అంటించి, తారీఖు రాసి, కాగితం చేతికిచ్చాడు. గమ్మున సంతకం పెట్టాను. టీ తాగించి మరీ పంపాను, అంత మర్యాదస్థుణ్ణి!

మా మోడల్‌లో ఆ బటన్ నొక్కితే సైరన్, ఫ్యాన్ పనిచేస్తున్నాయని తెలుస్తుంది, అంతే. సెన్సర్‌కు గ్యాస్ తెలుస్తోందా లేదా అన్నది గ్యాస్ పెట్టి చూస్తేనే బయటపడుతుంది.

మొన్న తెల్లవారుజామున ఆపరేటర్ ఫోన్ చేశాడు. దగ్గు తప్ప మాట రావడం లేదు. నేను పోయేసరికి తలుపులన్నీ తీసి, మాస్కు పెట్టుకుని గంధకం వత్తి వెలిగించి లీకు ఎక్కడుందో చూస్తున్నాడు. కంప్రెసర్ వాల్వ్ గ్లాండ్ (వాల్వ్ కాడ చుట్టూ లీకు ఆపే బిగింపు) దగ్గరికి వత్తి పోగానే తెల్లటి పొగ గుప్పున లేచింది. దానికి సరిగ్గా పైన, చేయి చాస్తే అందేంత దూరంలో డిటెక్టర్. పచ్చ లైటు. సున్నా. కింద పచ్చ స్టిక్కర్.

గ్లాండ్ బిగించి బయటపడ్డాక డిటెక్టర్లు అమ్మినవాడికి ఫోన్ కొట్టాను. మూడోసారికి ఎత్తాడు. "మనిషి ముక్కుకు 5 పీపీఎంకే వాసన తెలుస్తుంది సార్, అలారం 25కి పెట్టాం. మీరు ముక్కుతో కొలుస్తున్నారు, మేం మిషన్‌తో కొలుస్తాం" అన్నాడు. పీపీఎం అంటే గాలిలో పది లక్షల పాళ్లకు గ్యాస్ ఎన్ని పాళ్లో ఆ లెక్క. అలారం మోగలేదంటే సరే, ఆ అయిదైనా కనబడాలి కదా, సున్నా ఏంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చాలా నెమ్మదిగా, "అన్నీ బాగున్నాయని సంతకం పెట్టింది మీరే కదా సార్" అన్నాడు.

నోట మాట రాలేదు. ఆపరేటర్ బయట బకెట్ పెట్టుకుని కళ్లు కడుక్కుంటున్నాడు.

పక్క కోల్డ్ స్టోరేజీ మేనేజర్‌ను అడిగి 50 పీపీఎం సిలిండర్ తెచ్చి, మూడింటికీ రెండేసి నిమిషాలు పెట్టి చూశాం. ఒకటి 46 చూపించింది, ఒకటి 9. కంప్రెసర్ పైది సున్నా. విప్పి చూస్తే ఆ సెన్సర్ తయారై నాలుగేళ్లు. అంటే నాకు అమ్మేటప్పటికే రెండేళ్ల పాత సరుకు! ఈ రకం సెన్సర్లు మామూలుగా పనిచేసేదే రెండు మూడేళ్లు. చచ్చిన సెన్సర్ కరెంటు పుట్టించదు, డిస్‌ప్లేకు అది గ్యాస్ లేనట్టే కనబడుతుంది. ఫాల్ట్ లైటు కూడా వెలగలేదు.

మీ దగ్గరికి ఎవరొచ్చినా గేజ్, సిలిండర్ ఎక్స్‌పైరీ, సెన్సర్ తారీఖు చూడండి. సిలిండర్ మీద ఉన్న అంకె దగ్గరికి రీడింగ్ ఎక్కేదాకా నిచ్చెన వదలొద్దు, ఆ రీడింగ్ కాగితం మీద రాయించాకే సంతకం. కుర్రాణ్ణి మాత్రం తిట్టకండి, వాడి చేతికి ఖాళీ సిలిండర్ ఇచ్చి పంపినవాణ్ణి అడగండి.

మంచి సెన్సర్లు ఈ చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి. అర్జెంటు.