తుపానుకి ప్లాన్ రాసుకోవాలా, డ్రిల్ చేయాలా?

పలాస జీడిపప్పు యూనిట్లవాళ్లకి 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఇంకా గుర్తే. ఇంకో తుపాను హెచ్చరిక వస్తే ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసుకుంటే (ప్లాన్) సరిపోతుందా, లేక అందరూ కలిసి ముందే ఒకసారి చేసి చూసుకోవాలా (డ్రిల్)?

ఖర్చు: ప్లాన్‌కి దాదాపు ఏమీ కాదు. డ్రిల్‌కి ఒక పూట పని పోతుంది, కూలి మాత్రం ఇవ్వాల్సిందే.
శ్రమ: ప్లాన్ ఒక్కరు కూర్చుని రాసేస్తారు. డ్రిల్‌కి అందరూ కదలాలి.
రిస్క్: అసలు తేడా ఇక్కడే. ప్లాన్‌లో జనరేటర్ వేయాలని ఉంటుంది గానీ, అందులో డీజిల్ లేదని, గోడౌన్ తాళం ఊళ్లో లేని మనిషి దగ్గరుందని డ్రిల్‌లోనే బయటపడుతుంది. (కరెంటూ సిగ్నలూ పోయాక ఫోన్ నంబర్ల లిస్టు ఎందుకండీ?)

నలుగురైదుగురు పనిచేసే చోట గోడకి అంటించిన ఒక పేజీ చాలు. బాయిలర్, షిఫ్టులు, పక్క ఊళ్ల నుంచి వచ్చే పనివాళ్లు ఉంటే మాత్రం అక్టోబరు రాకముందే డ్రిల్ పెట్టి, అందులో తేలినదాన్ని బట్టి ప్లాన్ రాసుకోండి.