నెగెటివ్ గ్రూపు గర్భిణిగా కొత్తపేట ప్రసూతి ఆసుపత్రిలో నా అనుభవం

గుంటూరు కొత్తపేటలో అడుగడుగునా ఆసుపత్రులే ఉన్నా, ఓ నెగెటివ్ రక్తం గల నాకు ఎక్కడ చూపించుకోవాలో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. మొదటి గర్భం పద్నాలుగో వారంలో పోయినప్పుడు వేరొక చోట గర్భసంచి శుభ్రం చేసి మరునాడు ఇంటికి పంపించారు గాని, తర్వాతి బిడ్డకు హాని కలగకుండా నెగెటివ్ తల్లికి చేసే యాంటీ-డి ఇంజెక్షన్ అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు. మా వారిది బి పాజిటివ్. ఆ ఇంజెక్షన్ అవసరమని ఏడాది తర్వాత, రెండోసారి నెల తప్పాక, ఈ చిన్న ప్రసూతి ఆసుపత్రిలోనే నాకు తెలిసింది.

ఇక్కడ కార్డు రాసేటప్పుడే భార్యాభర్తలిద్దరి గ్రూపులూ అడిగారు. నాది నెగెటివ్ అని చెప్పగానే నర్సు కార్డు పైన ఎర్ర సిరాతో రాసింది. గతంలో గర్భం పోయిందా, అప్పుడు ఇంజెక్షన్ చేశారా అని డాక్టరు గారు అడిగి, అదే రోజు ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్షకు రక్తం తీయించారు. ఫలితం వచ్చేదాకా నాకు నిద్ర లేదు. అదృష్టం కొద్దీ నెగెటివ్ అని వచ్చింది, అంటే బిడ్డ రక్తంపై దాడి చేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) నా రక్తంలో ఇంకా తయారు కాలేదు.

నాతో వచ్చిన మా అత్తయ్య, నెగెటివ్ వాళ్లకు రెండో కాన్పు నిలవదంటారే అని అడిగినప్పుడు డాక్టరు గారు విసుక్కోకుండా చెప్పిన తీరు ఈ ఆసుపత్రిపై నాకు నమ్మకం కలిగించింది. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పులోనో గర్భస్రావంలోనో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలిసినప్పుడు, తల్లి శరీరం దాన్ని పరాయిదిగా ఎంచి ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుందని, ఆలోపు ఆ కాన్పు అయిపోతుంది కనుక మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదని, ఆ తర్వాత కడుపున పడ్డ బిడ్డ కూడా పాజిటివ్ అయితే అవి మాయను దాటి వెళ్లి ఆ బిడ్డ ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయని ఆమె వివరించారు. ఆ ప్రతిరక్షకాలు తయారు కాకుండా ఆపే యాంటీ-డి వాడకంలోకి వచ్చింది 1968లో. అంతకు ముందు ఎందరో తల్లులు బిడ్డలను అలా పోగొట్టుకున్నారు కనుక పెద్దవాళ్లలో ఆ భయం మిగిలిపోయిందని కూడా అన్నారు. అత్తయ్య ఆ రోజు నుంచి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇరవై ఎనిమిదో వారంలో 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ చేశారు. చేసే ముందే కూంబ్స్ పరీక్షకు మరోసారి రక్తం తీశారు, ఎందుకంటే ఇంజెక్షన్ తర్వాత తీస్తే అందులోని ప్రతిరక్షకాలే పరీక్షలో కనిపించి ఫలితం తికమక పెడుతుంది. ఇంత చిన్న విషయాన్ని కూడా వాళ్లు మరచిపోకపోవడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

గ్రూపు మీద పెట్టిన శ్రద్ధ మిగతా వాటిమీదా పెట్టారు. నా హిమోగ్లోబిన్ 9.4 ఉంది, గర్భిణికి 11 అయినా ఉండాలి. మన దేశంలో నెగెటివ్ గ్రూపు వాళ్లు నూటికి ఐదారుగురే కనుక, కాన్పులో రక్తం ఎక్కించాల్సి వస్తే వెతుకులాట తప్పదని, ముందే రక్తం పెంచుకోవడం అందరికన్నా నాకే ఎక్కువ అవసరమని చెప్పారు. ఐరన్ మాత్రను కాల్షియం మాత్రతో గాని, టీ, కాఫీ, పాలతో గాని కలపకుండా, నిమ్మరసంతో వేసుకోమన్నారు. మలబద్ధకం మొదలైతే మాత్ర మానేయకుండా తమకు చెప్పమన్నారు. ముప్పై ఆరో వారానికి 11.2కి చేరింది. ఇద్దరు ఓ నెగెటివ్ దాతల ఫోన్ నంబర్లు కూడా అప్పటికే కార్డుకు పిన్ను చేయించారు. బీపీ ప్రతిసారీ చూశారు. 140/90 దాటినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా వేళ చూసుకోకుండా రమ్మన్నారు.

లోపాలూ ఉన్నాయి. గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే షుగరు పరీక్షకు ఇక్కడి పద్ధతిలో పరగడుపున రావలసిన పని లేదని రిసెప్షన్‌లో చెప్పకపోవడంతో, నేను పదకొండు గంటల దాకా ఏమీ తినకుండా కూర్చున్నాను. ఇచ్చిన ఆహార పట్టిక ఇంగ్లీషులో ఉంది; పల్లెల నుంచి వచ్చే తల్లులకు అది ఎందుకు పనికొస్తుంది? టోకెన్ తీసుకున్నా రెండు గంటలకు తక్కువ కాకుండా వేచి ఉండాలి.

అసలు లోపం కాన్పు నాడు బయటపడింది. శనివారం రాత్రి పాప పుట్టింది. బొడ్డుతాడు రక్తం పరీక్షించి బి పాజిటివ్ అని తేల్చారు. అంటే 72 గంటల లోపు నాకు మళ్లీ ఇంజెక్షన్ పడాలి. ఆసుపత్రి మందుల షాపులో అది లేదు. ఆదివారం మా వారు కొత్తపేటంతా తిరిగి, నాలుగో షాపులో ఒకటి సంపాదించి, చల్లదనం పోకుండా ఐసు ప్యాకుల మధ్య పెట్టించుకొని తెచ్చారు. ఇరవయ్యో గంటకే ఇంజెక్షన్ పడినా, ఆ తిరుగుడు మాకు తప్పవలసింది. రెండో రోజు పాపకు కామెర్లు కనిపిస్తే, తల్లి ఓ, బిడ్డ బి అయినప్పుడు కూడా కామెర్లు రావచ్చని చెప్పి, కామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ రక్తంలో ఎంత ఉందో చూసి, రెండు రోజులు నీలి కాంతి కింద ఉంచారు. బరువు తగ్గకుండా రెండు మూడు గంటలకోసారి పాలు పట్టించిన నర్సులకు నేను రుణపడి ఉన్నాను.

నెగెటివ్ గ్రూపు గర్భిణులకు ఈ ఆసుపత్రిని నిస్సంకోచంగా సూచిస్తాను. యాజమాన్యానికి నా విన్నపం ఒక్కటే: ఏడో నెల దాటిన నెగెటివ్ తల్లుల పేర్లు మీ దగ్గర ఉన్నాయి కనుక, వాళ్ల కోసం రెండు యాంటీ-డి ఇంజెక్షన్లు ఎప్పుడూ మీ ఫ్రిజ్‌లో ఉంచండి.